48 కిలోల బెంగ

మా అమ్మాయి బాక్సింగ్ ఆడుతుంది. ఆడపిల్లకి ఈ దెబ్బలాటలేమిటని మొదట్లో గొణిగిన మా అత్తగారే, 2022లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యాక "వెళ్లనీవే" అన్నారు. దెబ్బలకి నేనూ భయపడలేదు. నన్ను భయపెట్టింది అన్నం కంచం.

దీనిది 48 కిలోల విభాగం. మామూలుగా 51 ఉంటుంది. పోటీలకి పది రోజుల ముందునుంచీ అన్నం బంద్. చివరి రెండు రోజులూ మంచినీళ్లు గుక్కలు లెక్కపెట్టుకుని తాగేది. ఎండలో స్వెట్టరూ, దానిమీద రెయిన్‌కోటూ వేసుకుని పరుగు. ఉమ్మి కూడా మింగకుండా గ్లాసులో ఉమ్మేది. తూకం అవగానే గటగటా రెండు సీసాల నీళ్లు. అంటే తగ్గింది కొవ్వు కాదన్నమాట, ఒంట్లో నీరు! 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ఇలాగే బరువు దించుకుంటూ ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు చనిపోయారని తర్వాత చదివి వణికిపోయాను.

సిగ్గు విడిచి చెబుతున్నా, మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. పెళ్లిళ్లలో పిల్లలంతా జిలేబీలు తింటుంటే ఇది మజ్జిగ గ్లాసుతో కూర్చునేది. "ఎంత పట్టుదలండీ!" అని చుట్టాలంటే పొంగిపోయేదాన్ని. చదువులోనూ అంతే, నోటుపుస్తకంలో ఒక్క కొట్టివేత పడితే పేజీ చింపి మళ్లీ రాస్తుంది. అలాంటి పిల్లకి తూకం మిషను ప్రోగ్రెస్ కార్డు అయిపోయిందని నాకు తట్టలేదు. పోటీలు లేని రోజుల్లోనూ 200 గ్రాములు పెరిగితే ఆ పూట టిఫిన్ లేదు. ఒక్కోసారి అర్ధరాత్రి బిస్కెట్ల ప్యాకెట్టంతా తినేసి ఏడ్చేది.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ ఫైనల్ రోజున 50 కిలోలకి 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీకి దూరమైంది. రాత్రంతా చెమటోడ్చి, జుట్టు కూడా కత్తిరించుకున్నా లాభం లేకపోయిందని టీవీలో చెబుతుంటే, "అయ్యో, వంద గ్రాములే!" అన్నాం అందరం. మా అమ్మాయి మాట్లాడలేదు. లోపలికెళ్లి తూకం ఎక్కింది.

నాకు తెలిసింది మాత్రం అలమరలో విప్పని శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్టు చూశాక. మూడు నెలలుగా నెలసరి లేదు! లేడీ డాక్టరు ముందు నన్ను నాలుగు చివాట్లు పెట్టారు. ఆటకి చాలినంత తిండి లేకపోతే ఒళ్లు పొదుపు చేసుకోవడానికి నెలసరిని ఆపేస్తుందట. అలాగే సాగితే ఈ వయసులో గట్టిపడాల్సిన ఎముకలు గుల్లబారతాయట. ఎదిగే పిల్లకి నీళ్లు మాన్పించి బరువు దించడమేమిటన్నారు.

కోచ్‌గారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "48లో అయితే మెడల్ ఖాయమమ్మా" అన్నారు. నేనూ పట్టు వదల్లేదు. పై విభాగానికి మారింది, మొదటి బౌటే ఓడింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "ఆకలేస్తోందమ్మా" అంటూ పీట వాల్చుకుంది. ముద్దపప్పు, ఆవకాయ కలిపిపెట్టాను. నెయ్యి మాత్రం వద్దంది.

తూకం మిషను పక్కింటి పిన్నిగారి అటక మీదుంది. ఇది ఇప్పటికీ ముద్దలు లెక్కపెట్టుకుంటోందనే నా అనుమానం.