పెరియమేట్ తోళ్ల వర్తకుడు – మన బజారులోని చాంబర్

మద్రాసు సెంట్రల్ స్టేషను దాటి పడమటి దిక్కుగా కొంత దూరం నడిస్తే పెరియమేట్ అనే పేట వస్తుంది. తోళ్ల వ్యాపారానికి తరతరాలుగా పేరుపడిన చోటు అది. నూరేళ్ల క్రితం అక్కడి గిడ్డంగులలో కట్టలు కట్టిన తోళ్లు హార్బరు చేరి, ఓడలెక్కి లండన్ వేలంపాటలకు వెళ్లేవి. అక్కడి మార్కెట్టులో వాటికి ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ అని పేరు. ఆ తోళ్లను పదును చేసిన సరుకు మాత్రం మనకు బాగా తెలిసినదే: తంగేడు బెరడు. మన చేలగట్ల మీద పెరిగే తంగేడు, నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా మన్నన పొందుతున్న తంగేడు, ఒకప్పుడు మద్రాసు తోళ్ల పరిశ్రమకు ప్రాణాధారం.

ఆ పేట వర్తకులలో అగ్రగణ్యులు జమాల్ ముహమ్మద్ సాహెబ్. ఆయన పేరు తెలిసినవారికి సైతం దాతగానే తెలుసు. తిరుచిరాపల్లిలో 1951లో ఆయన పేరిట వెలసిన కళాశాల నేటికీ వేలాదిమందికి చదువు చెబుతోంది. అయితే మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆయన దానాలను గురించి కాదు, లేదా దానాలను గురించి మాత్రమే కాదు. ఆయన వర్తక మండలి మనిషి. భారతదేశంలోని వర్తక సంఘాలన్నింటికీ సమాఖ్య అయిన ‘ఫిక్కీ’కి 1931–32లో అధ్యక్షులుగా ఉన్నవారు. చాంబర్ ఆఫ్ కామర్స్ అంటే ధనవంతుల కాలక్షేప మందిరమని మనలో చాలామంది అనుకుంటున్నారు కనుక, ఆయన కాలపు కథను కొంచెం వివరంగా చెప్పుకోవలసి ఉంది.

మద్రాసులో మొదటి చాంబర్ 1836లో ఏర్పడింది. అది ఐరోపా కంపెనీల సంఘం. దేశీయ వర్తకుడికి అక్కడ చోటు లేదు. అలా డెబ్బై ఏళ్లు గడిచాక, 1906లో, మద్రాసు పట్టణాన్ని కుదిపివేసిన ఒక ఘటన జరిగింది. ప్రజలు కళ్లు మూసుకుని నమ్మిన అర్బత్‌నాట్ అనే ఆంగ్లేయ సంస్థ దివాలా తీసింది. ఉద్యోగుల పొదుపు, వితంతువుల సొమ్ము, వ్యాపారుల పెట్టుబడి దానితోపాటే మునిగిపోయాయి. మన డబ్బును మనమే కాపాడుకోవాలి, మన మాటను మనమే చెప్పుకోవాలి అనే తెలివిడి ఆ నష్టంలోంచి పుట్టింది. మరుసటి సంవత్సరం ఇండియన్ బ్యాంకు వెలసింది. 1909లో దేశీయ వర్తకులు దక్షిణ భారత వాణిజ్య మండలిని నెలకొల్పుకున్నారు.

దాని మొదటి అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవారు, నేతపనిని ఎరిగినవారు. మద్రాసులోని టి.నగర్‌ను ఈనాడు నగల దుకాణాల పేటగా ఎరుగుదుము గాని, ఆ పేరులోని మొదటి అక్షరం ఆయనదే. నేత కుటుంబం నుండి వచ్చిన తెలుగు వర్తకుడు ఆసనం వేసిన సభలో తోళ్ల వ్యాపారం చేసే ముస్లిం వర్తకులు, వడ్డీ వ్యాపారం చేసే నాట్టుకోట్టై శెట్టులు, నూలు, నూనె, ధాన్యం అమ్మేవారు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. వారి మధ్య ప్రేమ పొంగిపొర్లిందని మేము చెప్పము. వారిని కూర్చోబెట్టినది అవసరం. రైలు కిరాయి పెరిగితే అందరికీ పెరుగుతుంది. హార్బరులో సరుకు వానలో తడిస్తే ఎవరి సరుకైనా ఒక్కటే.

చాంబర్ చేసే పని చూడడానికి చాలా చప్పగా ఉంటుంది. అర్జీలు రాయడం, లెక్కలు పోగుచేయడం, ప్రభుత్వం కొత్త చట్టం తెస్తే అందులోని చిక్కులను విడమరచి జవాబు పంపడం, ఇద్దరు వర్తకుల తగవును కోర్టు గడప ఎక్కకుండా తీర్చడం. కాని ఆ చప్పని పనే మెల్లగా ఒక బలంగా మారింది. 1919 చట్టం ప్రకారం ఏర్పడిన మద్రాసు శాసనమండలిలో దక్షిణ భారత వాణిజ్య మండలికి ఒక స్థానం దక్కింది. పదేళ్ల కిందట లేని సంఘం చట్టం చేసేచోట నోరు విప్పగలిగింది.

తోళ్ల సంగతే చూడండి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశపు పచ్చితోళ్లలో అధిక భాగం జర్మనీ వర్తకుల చేతుల్లోకి పోయేది. యుద్ధకాలంలో సైనికుల బూట్ల కోసం మద్రాసులో పదును చేసిన తోళ్లను ప్రభుత్వమే కొన్నది. యుద్ధం ముగిశాక 1919లో పచ్చితోళ్ల ఎగుమతిపై నూటికి 15 వంతున సుంకం విధించారు. బ్రిటిష్ సామ్రాజ్యం లోపలికి వెళ్లే సరుకుకు అందులో 10 వంతులు తిరిగి ఇచ్చేవారు. పచ్చితోలు బయటికి పోకపోతే ఇక్కడి తోళ్ల కార్ఖానాలకు ముడిసరుకు చౌకగా దొరుకుతుంది కనుక మద్రాసు వర్తకులకు ఆ సుంకం మేలైనది. పచ్చితోళ్లను నేరుగా ఎగుమతి చేసే కలకత్తా వర్తకులకు అదే గొంతుకు ఉరి. చివరకు 1923లో సుంకాన్ని అందరికీ నూటికి 5కు తగ్గించారు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. మద్రాసులో సుంకం కావాలన్నవారిలో ముస్లింలు ఎందరో ఉన్నారు. కలకత్తాలో వద్దన్న పచ్చితోళ్ల వర్తకులలోనూ ముస్లింలు ఉన్నారు. ఒకే మసీదులో పక్కపక్కన నిలబడదగిన ఇద్దరు సోదరులు ఒక అర్జీ విషయంలో ఎదురెదురుగా నిలబడ్డారు. అందులో తప్పేమీ లేదు. వ్యాపార ప్రయోజనం ఉన్నచోట మాట పొందికగా, లెక్కలతో చెప్పాలి. ‘మా వాళ్లు’ అనే ఒక్క మాటతో అక్కడ పని జరగదు.

ఇక రూపాయి తగవు. ఇది ఆ కాలపు వర్తకులందరినీ కలిపిన తగవు. 1927 చట్టం రూపాయి విలువను 18 పెన్నీలుగా నిర్ణయించింది. 16 పెన్నీలు చాలునని దేశీయ వర్తక సంఘాలు పట్టుబట్టాయి. రెండు పెన్నీల కోసం ఇంత రభసా అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. పౌనుకు 240 పెన్నీలు. లండన్‌లో 100 పౌన్లకు తోళ్లు అమ్మిన మద్రాసు వర్తకుడికి, రూపాయి 16 పెన్నీలైతే 1,500 రూపాయలు చేతికి వస్తాయి. 18 పెన్నీలైతే 1,333 రూపాయలకు కాస్త పైన. అదే తోలు, అదే ధర, అదే చెమట. నూటికి పదకొండు రూపాయలు మధ్యలోనే ఆవిరి. ఆ నష్టాన్ని వర్తకుడు తన జేబులోంచి పూర్తిగా భరించడు. పచ్చితోలు అమ్మే పల్లె మనిషికి, బెరడు కొట్టి తెచ్చే కూలికి ధర తగ్గిస్తాడు. లండన్‌లో నిర్ణయమైన రెండు పెన్నీలు తంగేడు పొద దాకా వచ్చి తగిలేది అలాగే.

1931 చివరి నెలల్లో లండన్‌లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. గాంధీజీ వెళ్లినది దానికే. ఫిక్కీ తరఫున పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్, ఘనశ్యామదాస్ బిర్లా, జమాల్ ముహమ్మద్ వెళ్లారు. ఆ సమావేశంలో మైనారిటీల ప్రశ్న మీద, ప్రత్యేక నియోజకవర్గాల మీద వాదాలు తెగక ముడిపడిపోయిన సంగతి చరిత్ర చదివినవారికి తెలుసు. ఆ వేళ అక్కడ ఒక ముస్లిం వర్తకుడు భారత వర్తకులందరి ప్రతినిధిగా కూర్చుని ఉన్నాడు. హిందువు, పార్సీ, జైనుడు, ముస్లిం అనే తేడా లేకుండా చందా కట్టిన సంఘాల తరఫున. ఆ ప్రతినిధులు రూపాయి తగవులో గెలవలేదని కూడా చెప్పాలి. వారు లండన్‌లో ఉండగానే, ఆ సెప్టెంబరులోనే, బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలివేసింది. రూపాయిని మాత్రం అదే 18 పెన్నీలకు కట్టివేశారు. ఓడిన వాదమైనా, దాన్ని వినిపించిన కుర్చీ విలువ తగ్గలేదు.

ఆయన దానాలను గురించి చెప్పము అన్నాము గాని ఒక్కటి చెప్పక తప్పదు. మద్రాసులో ఇస్లాంను గురించి పండితుల ప్రసంగాలు ఏర్పాటు చేయడానికి వెనుక నిలిచిన చెయ్యి ప్రధానంగా ఆయనదే. 1925లో సయ్యద్ సులైమాన్ నద్వీ వచ్చి దైవప్రవక్త (స) జీవితంపై ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చారు. 1927లో మార్మడ్యూక్ పిక్తాల్ వచ్చారు. ఆయన అప్పటికే హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్నారు. 1929 జనవరిలో అల్లామా ఇఖ్బాల్ మద్రాసులో ప్రసంగించి, బెంగళూరు, మైసూరు మీదుగా హైదరాబాదు చేరి అక్కడా ప్రసంగించారు. ఆ ఉపన్యాసాలు పుస్తకాలై ప్రపంచమంతా తిరుగుతున్నాయి. వాటి వెనుక తంగేడు బెరడు వాసన ఉందని ఎందరికి తెలుసు?

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాము. తెలుగు జిల్లాల వర్తకులకు చాంబర్ కొత్త కాదు. మద్రాసులోని తెలుగు వ్యాపారులు 1928లోనే ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్‌ను స్థాపించుకున్నారు. నేడు హైదరాబాదులో, విజయవాడలో, జిల్లా కేంద్రాలలో, చిన్న పట్టణాలలో సైతం ఏదో ఒక వర్తక సంఘం ఉంది. అదే బజారులో మనవారి దుకాణాలూ ఉన్నాయి: మటన్ కొట్టు, పండ్ల మండీ, టింబర్ డిపో, పాత ఇనుము, టైర్లు, బేకరీ, దర్జీ పని, మోటారు మెకానిక్కు. పన్నులు కడుతున్నారు, అద్దెలు కడుతున్నారు, పెద్ద కంపెనీల పోటీకి తట్టుకోలేక నలుగుతున్నారు. కాని సంఘం సభ్యుల పుస్తకం తెరిస్తే మన పేర్లు పలుచగా కనబడతాయని, మాకు తెలిసిన బజారులను చూసి చెబుతున్నాము.

కారణం అడిగితే రెండు జవాబులు వినబడతాయి. మమ్మల్ని ఎవరు పిలిచారు అన్నది మొదటిది. అందులో కొంత నిజం ఉంది. కొన్ని ఊళ్లలో సంఘం నాలుగు కుటుంబాల సొత్తుగా, జెండా ఎగరేసే రోజున, మంత్రిగారికి దండ వేసే రోజున మాత్రమే తలుపులు తెరుచుకునే గదిగా మిగిలింది. ఆ సంఘాల పెద్దలు సమాధానం చెప్పవలసిన మాటే ఇది. రెండవ జవాబు, మన పని మనం చూసుకుంటే చాలదా అన్నది. ఈ రెండవ దానితోనే మాకు పేచీ.

దైవప్రవక్త (స) నవయౌవనంలో ఉన్న రోజుల్లో, ప్రవక్తృత్వానికి చాలా ముందు, యెమన్ దిక్కున ఉన్న జుబైద్ నుండి ఒక వర్తకుడు మక్కాకు సరుకు తెచ్చాడు. ఖురైష్ పెద్ద ఒకడు సరుకు తీసుకుని సొమ్ము ఎగ్గొట్టాడు. పరాయి ఊరివాడు, అండ లేనివాడు. అతని మొర విన్న కొందరు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. ఆ సభలో తాము పాల్గొన్నామని, ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి దానికి పిలుపు వస్తే వెళతామని దైవప్రవక్త (స) చెప్పినట్లు చరిత్ర గ్రంథాలలో ఉంది. ఆ ప్రమాణం చేసినవారు ముస్లింలు కారు. ఆ వర్తకుడు వారికి బంధువూ కాడు.

ఇప్పటి మన బజారులో ఆ జుబైద్ వర్తకుడు ఎవరు? చిన్న కార్ఖానాలో చెప్పులు కుట్టించి పెద్ద షోరూముకు పంపినవాడు. ఇంట్లో నలుగురు ఆడవారిని కూర్చోబెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టి ఇచ్చిన ఆపా. సరుకు వెళ్లింది, బిల్లు వెళ్లింది, డబ్బు రాలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, నమోదైన చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ అని కూడా చట్టం రాసింది. వడ్డీ తీసుకోవడం మనకు సమ్మతం కాదు కదా అని ఒక సోదరుడు మాతో అన్నాడు. సరే, వడ్డీ వదిలేయండి. అసలు మాటేమిటి? చట్టం ఉన్నా ఆపా ఫిర్యాదు చేయదు. చేస్తే వచ్చే ఏడు ఆర్డరు రాదు. ఆమె భయం అర్థమయ్యేదే.

చాంబర్ అక్కరకు వచ్చేది సరిగ్గా ఇక్కడే. ‘ఫలానా ఆమెకు బాకీ ఉన్నారు’ అని రాయనక్కరలేదు. ‘మా పట్టణంలోని చిన్న ఉత్పత్తిదారులకు ఇన్ని నెలలుగా చెల్లింపులు ఆగిపోయాయి’ అని సంఘం ముద్రతో ఉత్తరం వెళుతుంది. అందులో ఎవరి పేరూ లేదు, అందరి పేరూ ఉంది. ఆర్డరు పోగొట్టుకునే భయం ఒక్కరి మీద పడదు. అలాగే గల్ఫ్ దేశానికి సరుకు పంపదలచినవాడిని అక్కడి కొనుగోలుదారు అడిగే సరుకు పుట్టుక ధ్రువపత్రం చాంబర్ల నుండి లభిస్తుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దుకాణాలకు గడువు, మార్కెట్టులో వీధి దీపాలు, లారీలు ఆగే చోటు – ఇవి మసీదు కమిటీ అడిగితే ఒక వర్గం కోరికగా కనబడతాయి. బజారు సంఘం అడిగితే బజారు కోరిక అవుతాయి.

చందా పెద్ద మొత్తమేమీ కాదు. పెద్ద మొత్తం కాలమే. నెలకొక సాయంత్రం కూర్చోవాలి, మన సరుకు కానిదాని గురించి కూడా వినాలి, వంతు వచ్చినప్పుడు మినిట్సు పుస్తకం రాయాలి. ఇంటి నుండి వ్యాపారం చేసే స్త్రీల పేరిటే సభ్యత్వం తీసుకోవడం మంచిది; భర్త పేరిట తీసుకుంటే ఆమె మాట సభదాకా రాదు. చదువుకున్న పిల్లలున్న ఇళ్లలో అర్జీ ముసాయిదా రాసే పని వారికి అప్పగించవచ్చు. కాలేజీలో నేర్చిన ఇంగ్లీషు అక్కడైనా ఉపయోగపడుతుంది.

ఫిక్కీ పూర్వాధ్యక్షుల పట్టికలో 1930–31కి లాలా శ్రీరామ్ పేరుంది. 1932–33కి వాల్‌చంద్ హీరాచంద్ పేరుంది. ఒకరు ఢిల్లీ బట్టల మిల్లు అధిపతి, మరొకరు ఓడలు నడిపినవారు. ఆ రెండు పేర్ల నడుమ పెరియమేట్ తోళ్ల వర్తకుడి పేరు ఉంది.