షెడ్డులో మూలుగుతున్న ఓపెన్ టాప్ కారు... మళ్ళీ రోడ్డెక్కాలంటే!

అలియాబాద్: రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు సాగే ప్రయాణంలో అలియాబాద్ చౌరస్తా వస్తుంది. కరీంనగర్ బస్సులు, కంకర లారీలు, జీనోమ్ వ్యాలీ కంపెనీల వాహనాలతో ఆ దారికి రాత్రీపగలూ తీరిక ఉండదు. ఇలాంటి రహదారిపై రెండు సీట్లతో, నేలకు జానెడు ఎత్తులో, పైకప్పు మడిచిన స్పోర్ట్స్ కారు కనిపిస్తే తల తిప్పి చూడనివారు అరుదు. అయితే అదే కారు పదేళ్ళపాటు తోటలోని రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ మాటున నిలిచిపోయి ఉంటే దాన్ని తిరిగి రోడ్డుపైకి తేవడం కొత్త బ్యాటరీ బిగించి తాళం చెవి తిప్పినంత సులువు కాదు. ఇంజిన్ మోగిందంటే కారు బాగైనట్టేనన్న భ్రమ చాలామందిలో ఉంది. లారీల మధ్య దాన్ని ఆపగలిగేది బ్రేకు. పోలీసు ఆపినప్పుడు కాపాడేది కాగితం. ఈ రెండూ తేలకముందే రంగుకు డబ్బు తగలేసి చేతులు కాల్చుకునేవారే ఎక్కువ.

ఏ కారు? ఏ వయసు?

మన దేశంలో ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కార్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మాత్రమే తయారయ్యాయి. వాటిలో చెప్పుకోదగినది సాన్ స్టార్మ్. సాన్ మోటార్స్ సంస్థ 1998లో దీన్ని విడుదల చేసింది. రెండే సీట్లు, ఫైబర్‌గ్లాస్ బాడీ, 1,149 సీసీల రెనో పెట్రోలు ఇంజిన్, సుమారు 60 గుర్రాల శక్తి దీని లక్షణాలు. ఈ సంఖ్యలు నేటి చిన్న కార్లకంటే గొప్పవేమీ కావు. కానీ బరువు తక్కువ కావడంతో చురుగ్గా కదిలేది. అంతకు ముందు తరానిది స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ రూపకర్త మికెలోటి గీసిన బ్రిటన్ కారు ట్రయంఫ్ హెరాల్డ్ ఆధారంగా 1961 నుంచి మద్రాసులో తయారైంది. బ్రిటన్‌లో ఆ కారుకు బట్ట పైకప్పు రకం కూడా ఉండేది. ఇవి కాక విదేశాల నుంచి దిగుమతైనవి కొన్ని.

కారు వయసును ముందుగా తేల్చుకోవడం ఎందుకంటే, దాన్నిబట్టే చట్టం మారుతుంది. 50 ఏళ్ళు దాటినదానికి ఒక దారి, దాటనిదానికి మరొక దారి. పాతికేళ్ళ సాన్ స్టార్మ్‌ను యజమాని ఎంత ముద్దుగా 'వింటేజ్' అని పిలుచుకున్నా రవాణా శాఖ లెక్కలో అది మామూలు పాత కారే.

ముందు కాగితాలు

పదిహేనేళ్ళు దాటిన కారు తుక్కుకే పోవాలన్న ప్రచారం గ్రామాల్లో బలంగా ఉంది. ఢిల్లీ పరిసరాల్లోని ఆంక్షలను, ప్రభుత్వ శాఖల వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి అమలైన రద్దు నిబంధనను కలగలిపి విన్నవారి మాట ఇది. తెలంగాణలో సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆపై తనిఖీలో నెగ్గితే అయిదేళ్ళకొకసారి పునరుద్ధరిస్తారు. ఇందుకు 25వ నంబరు ఫారంలో దరఖాస్తు చేయాలి.

రుసుములు మాత్రం గట్టిగానే పెరిగాయి. 2025 ఆగస్టులో కేంద్రం జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 20 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రూ.10 వేలు కట్టాలి. దిగుమతి చేసుకున్న కారైతే రూ.80 వేలు. గడువు దాటాక దరఖాస్తు చేసే కార్లకు నెలకు రూ.500 చొప్పున అదనపు రుసుము నిబంధన 2022 ఏప్రిల్ నుంచి ఉంది. వీటికి హరిత పన్ను తోడవుతుంది. షెడ్డులో కారు ఊరికే పడి ఉన్నా ఈ నెలల లెక్క పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, విడిభాగాలు కొనకముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి మొత్తం బకాయి ఎంతో రాయించుకోవడం తెలివైన పని. కొన్నిచోట్ల కారు విలువకంటే బకాయే ఎక్కువ తేలినా ఆశ్చర్యం లేదు.

శామీర్‌పేట ప్రాంతం 2016 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. కనుక ఇక్కడి పాత కార్లపై ఏపీ 28 వరుస నంబర్లు కనిపిస్తాయి. ఇంకా పాతవాటిపై 1989కి ముందునాటి మూడక్షరాల నంబర్లు ఉంటాయి. వీటి వివరాలు కంప్యూటర్‌లో దొరక్కపోతే మొదట నమోదు చేసిన కార్యాలయంలోని పాత పుస్తకాలు వెతికించాల్సిందే. ఆర్సీలోని యజమాని మరణించి ఉంటే వారసుల పేరిట బదిలీకి 31వ నంబరు ఫారం వేరుగా ఉంది. చాసిస్ నంబరు తుప్పులో కలిసిపోయిందేమో చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆ అంకెలున్న రేకును టింకరింగ్ పనివాడు తెలియక గ్రైండర్‌తో నున్నగా చేశాడంటే కారు గుర్తింపే పోయినట్టు. పని మొదలుపెట్టకముందే ఆ నంబరుకు ఫొటో తీసి, పెన్సిల్ ప్రింటు తీసి భద్రపరచుకోవాలి.

యాభై దాటితే...

తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాల కోసం 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. వీటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు వరుస ఉంది. కొత్త నమోదుకు రూ.20 వేలు, తిరిగి నమోదుకు రూ.5 వేలు కట్టాలి. చెల్లుబాటు పదేళ్ళు. ఇప్పటికే నమోదైన కారు పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఈ వెసులుబాటుకు ఒక మెలిక ఉంది. వింటేజ్‌గా నమోదైన కారులో రోజూ కూరగాయలకు వెళ్తామంటే కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డెక్కాలి.

మరో షరతు మన మెకానిక్కుల అలవాటుకు నేరుగా తగిలేది. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పాత ఇంజిన్ మొరాయిస్తే పీకేసి మారుతి ఇంజినో, డీజిల్ ఇంజినో కూర్చోబెట్టడం ఇక్కడ మామూలే. అలా చేసిన రోజునే వింటేజ్ హోదాకు కారు దూరమవుతుంది. వింటేజ్ కాని కారుకైనా అనుమతి లేకుండా ఇంజిన్ మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధం.

నగరంలో చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు చేసిన ఈ సిల్వర్ గోస్ట్, ఆయన 1911లో మరణించాక హైదరాబాద్ చేరింది. లోపల సింహాసనంలాంటి ఆసనంతో ఊరేగింపుల కోసం చేసిన బండి ఇది. నడిచింది కొన్ని వందల మైళ్ళే. దశాబ్దాలు మూలనపడి, చివరకు మరమ్మతులు పొంది ప్రదర్శనకు నిలిచింది. చూపుకు నిలబెట్టే కారుకు మెరుపు చాలు. అలియాబాద్ చౌరస్తా దాటాల్సిన కారుకు అది చాలదు.

తాళం చెవి తిప్పొద్దు

షెడ్డు తలుపు తీసిన రోజున అందరూ చేసే తప్పు, వెంటనే స్టార్ట్ చేసి చూడడం. మొదట చేయాల్సింది కర్రతో నాలుగువైపులా తట్టి పాములున్నాయేమో చూడడం. ఇది నవ్వులాటకు చెప్పేది కాదు. సీటు కింది దూది ఎలుకలకు ఇల్లు, ఎలుకలున్నచోటికి పాము రాకమానదు. ఎలుకలు వైర్ల పైతొడుగును కొరికేస్తాయి. అలాంటి కారుకు కొత్త బ్యాటరీ తగిలిస్తే వైరుకు వైరు తాకి మంటలు లేచే ప్రమాదముంది. వైరింగ్ మొత్తం వెలుతురులో పరిశీలించాకే బ్యాటరీ బిగించాలి.

ఏళ్ళ తరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు తుప్పుతో అతుక్కుపోతాయి. సెల్ఫ్ మోటారుతో బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు నాననివ్వాలి. ఆ తర్వాత ముందువైపు పుల్లీకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. తిరక్కపోతే మళ్ళీ నానబెట్టాలి తప్ప బలం చూపకూడదు. పాత ఆయిల్, ఫిల్టర్ మార్చాకే సెల్ఫ్ జోలికి వెళ్ళాలి. సాన్ స్టార్మ్ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది. అది చూడటానికి బాగున్నా సరే, మార్చాల్సిందే. రబ్బరుకు కిలోమీటర్లకంటే ఏళ్ళే ఎక్కువ చేటు.

ట్యాంకులోని పెట్రోలు సంగతి ఇంకా పెద్దది. నిల్వ పెట్రోలు చిక్కబడి జిగురుగా మారి పైపులను, కార్బురేటర్‌ను మూసేస్తుంది. దాన్ని పూర్తిగా తీసి ట్యాంకు కడిగించక తప్పదు. కొత్తగా పోసేది కూడా పాత పెట్రోలు కాదు. దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులను, వాషర్లను మెత్తబరుస్తుంది. వేడెక్కిన ఇంజిన్‌పై పెట్రోలు చుక్క కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందువల్ల ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చాలి. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది. హెరాల్డ్ నాటి ఇంజిన్ల వాల్వు సీట్లు ఆ సీసం మీద ఆధారపడినవి. ఇంజిన్ విప్పే అవకాశం వస్తే గట్టి సీట్లు వేయించుకోవచ్చు.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయడం మరో పాత అలవాటు. ఉప్పు పట్టి గొట్టాలు పూడుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడమే మేలు.

పైకప్పు లేనప్పుడు బలమంతా నేలదే

ఓపెన్ టాప్ కారుకు, మామూలు కారుకు అసలు తేడా ఇక్కడే ఉంది. మామూలు కారులో పైకప్పు కూడా బరువు మోస్తుంది. పైకప్పు లేని కారులో ఆ భారమంతా అడుగు రేకుపై, తలుపుల కింద పొడవునా సాగే ఉక్కు దూలంపై పడుతుంది. బట్ట పైకప్పు చిరిగి, నీరు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే ప్రతి వర్షాకాలం నీరు కార్పెట్ కింద నిలిచి, సరిగ్గా ఆ దూలాన్నే తినేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. తలుపులు మూసి సందులు చూసుకోవాలి. తర్వాత ఒకవైపు జాకీ పెట్టి కారును లేపి, తలుపు మళ్ళీ తీసి మూయాలి. తలుపు ఇరుక్కున్నా, సందు మారినా కారు నడుము విరిగినట్టే. కొనబోయేవారు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా డబ్బు మిగులుతుంది. తుప్పు పట్టిన దూలాన్ని కోసి కొత్తది వెల్డింగ్ చేయించేటప్పుడు ముందుగా తలుపుల ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించాలి. లేకపోతే కోసిన మరుక్షణం కారు మధ్యలో కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు జన్మలో సరిగా పడవు. హెరాల్డ్‌కు వేరుగా చాసిస్ ఉన్నందున ఈ బెడద కొంత తక్కువ. ముందు బానెట్ మొత్తం ముందుకు వంగి తెరుచుకోవడం మెకానిక్కుకు అదనపు సుఖం. ఇక సాన్ స్టార్మ్ ఫైబర్ బాడీకి తుప్పు రాదన్నది నిజమే కానీ, లోపలి ఉక్కు భాగాలకు వస్తుంది. మెరిసే ఫైబర్ దాన్ని కప్పేస్తుంది.

ఆపడం వచ్చాకే నడక

బ్రేకు ఆయిల్ కూడా తేమను పీల్చుకునేదే. ఆ తేమ వల్ల మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. పెడల్ తొక్కితే గట్టిగానే తగులుతుంది, కానీ రెండు చక్రాలే పట్టి కారు పక్కకు లాగుతుంది. రబ్బరు కిట్లు, హోస్ పైపులు, ఆయిల్ అన్నీ కొత్తవి వేయడంలో పొదుపు పనికిరాదు. టైరు అంచున నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు ఎంత లోతుగా ఉన్నా అలాంటి టైరుతో రోడ్డెక్కకూడదు.

విడిభాగాలు దొరకవని భయపడేవారికి మన ప్రాంతంలో ఒక అనుకూలత ఉంది. బాలానగర్, జీడిమెట్లలోని చిన్న లేత్ కార్ఖానాల్లో నమూనా చూపిస్తే బుష్‌లు, పిన్నులు చేసిపెడతారు. రాణిగంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్ళు కొలత చెబితే దొరుకుతాయి. గాజు, లైట్లు మాత్రం కష్టం, వాటిని పగలకుండా కాపాడుకోవాలి. బట్ట పైకప్పును సీటు కవర్లు కుట్టే పనివారే కుట్టగలరు. పాతది ఎంత చిరిగినా పారేయక, కొలతకు ఉంచుకోవాలి.

షెడ్డు నుంచి కారును వర్క్‌షాపునకు తాడు కట్టి లాక్కుపోకూడదు, లారీపై ఎక్కించి తీసుకెళ్ళాలి. పని పూర్తయ్యాక బీమా, కాలుష్య ధ్రువపత్రం చేతికొచ్చేవరకు తోట ఆవరణలోనే తిప్పి చూడాలి. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ.2 వేల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ చెల్లకుండా నడిపితే రూ.5 వేల వరకు జరిమానా. తొలి ప్రయాణానికి శామీర్‌పేట దగ్గరి బాహ్యవలయ రహదారి ఎంతమాత్రం తగదు, అక్కడ మధ్యలో ఆగిపోతే ప్రాణాపాయం. తెల్లవారుజామున ఊరి లోపలి దారిలో రెండు కిలోమీటర్లు వెళ్ళి, దిగి, నాలుగు చక్రాల మధ్యభాగాలు చేత్తో తాకి చూడాలి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదని తెలిసిపోతుంది. కారు నిలిపినచోట నేలపై ఆయిల్ మరకలేమైనా పడ్డాయేమో చూసుకుని, వచ్చిన దారినే షెడ్డుకు తిరిగి రావాలి.