ఐదు మ్యాచ్‌ల ఆటగాడు – ప్రపంచ కప్పు మేనేజరు

ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో, కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనో పోటీలు ఉన్నాయంటే మన హాస్టల్లో పది రోజుల ముందు నుంచే సందడి మొదలవుతుంది. జట్టులో ఎవరున్నారు, ఎవరి పేరు రాలేదు అన్నదే మాట. పేరు రానివాడు ఆ రాత్రి మెస్‌లో సరిగ్గా అన్నం కూడా తినడు. అలాంటి తమ్ముళ్ల కోసం ఈసారి మన హైదరాబాద్‌కు చెందిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాము. ఆయన పేరు పి.ఆర్. మాన్‌సింగ్.

1983లో కపిల్‌దేవ్ కప్పు ఎత్తిన ఫోటో మనందరం చూసిందే. ఆ జట్టుకు మేనేజరు మాన్‌సింగ్. 1938లో పుట్టిన ఈయన హైదరాబాద్ తరఫున 1965, 1969 మధ్య ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఐదంటే ఐదే. భారత జట్టుకు ఎన్నడూ ఆడలేదు. లెక్కల్లో చూస్తే చిన్న ఆటగాడే. అయితే ఆట అయిపోయిందని మైదానం వదిలిపెట్టలేదు. హైదరాబాద్ క్రికెట్ సంఘం పనుల్లో దిగి, కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేశారు. హైదరాబాద్‌కు ఇది కొత్త దారి కూడా కాదు. 22 టెస్టులు ఆడి, భారత జట్టుకు కెప్టెన్సీ కూడా చేసిన గులాం అహ్మద్ తర్వాత క్రికెట్ బోర్డు కార్యదర్శి అయ్యారు. కాకపోతే ఆయన పెద్ద ఆటగాడు. మాన్‌సింగ్‌కు ఆ పేరు లేదు, పని ఒక్కటే ఉంది.

ఇంతకీ మేనేజరు చేసే పనేమిటి? ఇప్పుడైతే జట్టు వెంట కోచ్‌లు, ఫిజియోలు, ట్రైనర్లు, వీడియో చూసి లెక్కలు చెప్పేవాళ్లు ఒక బస్సు నిండా ఉంటారు. 1983లో 14 మంది ఆటగాళ్లు, ఒక మేనేజరు, అంతే. కోచ్ లేడు, డాక్టర్ లేడు. ఏ ఊరికి ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ దిగాలి, ప్రాక్టీసు ఎప్పుడు, భత్యం ఎంత, పత్రికల వాళ్లకు ఏం చెప్పాలి, అలిగిన ఆటగాడిని ఎవరు బుజ్జగించాలి - అన్నీ ఒక్క మనిషి నెత్తి మీదే. మన జట్టును ఆర్టీసీ బస్సులో తీసుకుపోయే పీఈటీ సారు స్టడీ సర్టిఫికెట్లు, బస్ టికెట్లు, అరటిపండ్లు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని తిరగడం చూసిన వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

పైగా ఆ జట్టు గెలుస్తుందని ఎవరికీ ఆశ లేదు. అంతకు ముందు 1975, 1979 ప్రపంచ కప్పుల్లో కలిపి మనం గెలిచింది ఒకే మ్యాచ్, అదీ తూర్పు ఆఫ్రికా మీద. ఇంగ్లండ్ నుంచి అటే అమెరికా చూసి రావాలని అనుకున్నామని శ్రీకాంత్ తర్వాత ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. మొదటి మ్యాచ్‌లోనే వెస్టిండీస్‌ను 34 పరుగుల తేడాతో ఓడించారు. తర్వాత ఆస్ట్రేలియా చేతిలో 162 పరుగులతో, వెస్టిండీస్ చేతిలో 66 పరుగులతో వరుసగా ఓడిపోయారు. జూన్ 18న జింబాబ్వే మీద 17 పరుగులకే 5 వికెట్లు పోయాయి. కపిల్ 175 పరుగులు చేసి నిలబెట్టిన కథ మీకు తెలిసిందే. జూన్ 25న లార్డ్స్‌లో ఫైనల్. మనం చేసింది 183, వాళ్లు 140. బోర్డు దగ్గర బహుమతి ఇవ్వడానికి డబ్బు లేక, ఢిల్లీలో లతా మంగేష్కర్ కచేరీ పెట్టి ఒక్కో ఆటగాడికి లక్ష రూపాయలు ఇచ్చారు.

1987లో కప్పు మన దేశంలో, పాకిస్తాన్‌లో కలిపి జరిగింది. మళ్లీ మాన్‌సింగే మేనేజరు. మేనేజరు అనేవాడు ఎంత ముఖ్యమో అక్టోబరు 9న మద్రాసులో తేలిపోయింది, కానీ ఎదుటి జట్టు వైపు నుంచి. ఆస్ట్రేలియా ఇన్నింగ్స్‌లో డీన్ జోన్స్ కొట్టిన ఒక బంతిని అంపైరు ఫోర్ అన్నాడు. అది సిక్సర్ అని వాళ్ల వాదన. విరామంలో ఆస్ట్రేలియా మేనేజరు అలన్ క్రాంప్టన్ ఊరుకోలేదు, అంపైర్ల దగ్గరికి పోయి అడిగాడు. కపిల్‌ను అడిగితే అతనూ సరే అన్నాడు. 268గా ఉన్న స్కోరు 270 అయింది. మనవాళ్లు 269కి ఆలౌట్. ఒక్క పరుగుతో ఓటమి! కపిల్ మంచితనాన్ని అందరూ మెచ్చుకుంటారు, మేమూ మెచ్చుకుంటాము. కానీ క్రాంప్టన్ స్కోరు పుస్తకం పట్టించుకోకుండా భోజనానికి పోయి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. ఆ ఏడు మనం సెమీఫైనల్లో, నవంబరు 5న బొంబాయిలో, ఇంగ్లండ్ చేతిలో 35 పరుగులతో ఓడాము. గెలిచిన ఏడు ఫోటోలో మేనేజరు ఓ మూలన ఉంటాడు. ఓడిన ఏడు జవాబు చెప్పేవాళ్లలో మాత్రం ముందుంటాడు.

మాన్‌సింగ్ సికింద్రాబాద్‌లోని తన ఇంట్లోనే ‘పెవిలియన్’ పేరుతో క్రికెట్ మ్యూజియం పెట్టారు. 2021లో వచ్చిన ‘83’ సినిమాలో ఆయన పాత్రను పంకజ్ త్రిపాఠి వేశాడు. చాలామందికి ఆయన పేరు తెలిసింది అప్పుడే.

ఆ 14 మందిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రానివాడు ఒకడున్నాడు, సునీల్ వాల్సన్. పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. టోర్నీ మొత్తం బయటే కూర్చున్న ఆ ఎడమచేతి బౌలర్ చాలా ఏళ్ల తర్వాత ఐపీఎల్‌లో ఢిల్లీ జట్టుకు మేనేజరయ్యాడు.

మన హాస్టల్ జట్టు వెంట ఈసారి ఒక విద్యార్థి మేనేజరును కూడా పంపాలని వార్డెన్ సారును అడిగాము. స్కోరు రాయడం వచ్చి, కిట్టు లెక్క అప్పజెప్పగలిగిన వాళ్లు, ముఖ్యంగా ఈసారి జట్టులో పేరు రానివాళ్లు, పీఈటీ సారుకు పేర్లు ఇవ్వగలరు.