గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో ఉన్న ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012 అక్టోబరులో ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’ అనే కంప్యూటర్ గేమ్‌ను విడుదల చేసింది. సరుకు ఎత్తుకోవడం, లారీ నడుపుకుంటూ ఐరోపా నగరాల మధ్య తిరగడం, కిరాయి డబ్బు కూడబెట్టి సొంత ట్రాన్స్‌పోర్టు కంపెనీ పెట్టుకోవడం, ఆటంతా ఇదే. కాల్పులు లేవు, పందేలు లేవు. అయినా పుష్కరం దాటాక కూడా జనం దాన్ని వదల్లేదు. అందుకు ముఖ్య కారణం మోడ్‌లు. కంపెనీ ఇచ్చిన ఆటకు అభిమానులు సొంతంగా తయారుచేసి జోడించే వాహనాలు, రోడ్లు, ఊళ్లు, వాతావరణం, శబ్దాలు అన్నీ మోడ్‌లే. టాటా, అశోక్ లేలాండ్ లారీలు, మన హైవేల మీద రాత్రంతా పరుగెత్తే బస్సులు, భారతీయ రోడ్లను పోలిన మ్యాపులు అలాగే ఈ ఆటలోకి వచ్చాయి. వాటితోపాటు ఒక బాధా వచ్చింది. మోడ్‌లు పెరిగేకొద్దీ బొమ్మ కుదుపులతో నడుస్తుంది, సరిగ్గా మలుపు దగ్గర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ల్యాగ్ అవుతోందని ఎవరినైనా అడిగితే దొరికే సలహాలు రెండే: సెట్టింగులన్నీ తగ్గించెయ్యి, లేదా కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కో. రెండూ కారణం తేలకముందే ఇచ్చే సలహాలు. మోడ్‌లున్న ఆటలో నెమ్మది ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోచోట పుడుతుంది. అదెక్కడో కొలిచి తెలుసుకుంటే చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండానే పని జరుగుతుందని, కొలవకుండా పెట్టిన ఖర్చు చాలాసార్లు వృథా అవుతుందని నా వాదన.

తెర మీద కదులుతున్నట్టు కనిపించేదంతా వరసగా వచ్చే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు కంప్యూటర్‌కు దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే 33.3 మిల్లీసెకన్లు. ముందున్న కార్లు ఎటు కదలాలో, ట్రెయిలర్ బరువుకు లారీ ఎంత ఒరగాలో ఆ గడువులోనే లెక్కవేయాలి. చెట్లూ ఇళ్లూ నీడలూ గీయాలి, అద్దాల్లో వెనక దృశ్యం చూపించాలి. గడువు దాటితే ఆ ఫ్రేమ్ ఆలస్యమవుతుంది. ఇక్కడ చాలామంది సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్న ఒక్క అంకెనే చూసి మోసపోతారు. ఒక సెకనులో 200 మిల్లీసెకన్ల పాటు బొమ్మ బిగుసుకుపోయి, మిగతా 800 మిల్లీసెకన్లు సాఫీగా నడిచిందనుకుందాం. ఫ్రేములు లెక్కపెడితే దాదాపు 49 వస్తాయి. ఇంకో కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేమ్ 25 మిల్లీసెకన్లకు ఒకటిగా, తడబాటు లేకుండా వచ్చింది. లెక్క 40. అంకెల్లో మొదటిదే మెరుగు, కానీ స్టీరింగ్ పట్టుకున్నవాడికి రెండోదే హాయి. అందుకే కొలవాల్సింది సగటును కాదు, ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన సమయాన్ని. ఆ సమయాన్ని గీత రూపంలో చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు దొరుకుతాయి. గీత గడువులోపు చదునుగా ఉంటే ఆట బాగున్నట్టు, మధ్యమధ్యలో మేకుల్లా పైకి లేస్తుంటే ఏదో మోడ్ అడ్డుపడుతున్నట్టు అనుమానించాలి.

ఇది తుపాకుల ఆట కాదుగదా, లారీయేగదా, నాలుగు ఫ్రేములు తగ్గితే కొంపలేం మునుగుతాయని అడిగేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం. ఈ ఆటలో లారీ వేగం సాధారణంగా గంటకు 90 కిలోమీటర్లకు కట్టడై ఉంటుంది. అంటే సెకనుకు 25 మీటర్లు. ఫ్రేములు 60 ఉన్నప్పుడు ఒక ఫ్రేమ్‌కూ మరో ఫ్రేమ్‌కూ మధ్య లారీ సుమారు 42 సెంటీమీటర్లు జరుగుతుంది. 20కి పడిపోతే మీటరుంబావు. 200 మిల్లీసెకన్లు బిగుసుకుపోతే అయిదు మీటర్ల రోడ్డు కంటికి కనపడకుండానే దాటిపోతుంది. లారీ పక్క లేన్‌లోకి దూరడానికి అది చాలు. నడపడమంటేనే కన్ను చూసిన తేడాను చెయ్యి ఎప్పటికప్పుడు దిద్దుకుంటూ పోవడం. ఆ చూపుకు అంతరాయం వస్తే పాడయ్యేది అందం కాదు, నడపడమే. ట్రెయిలర్‌ను రివర్స్‌లో గోదాము గేటుకు ఆనించేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్‌లో ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. ఏ వస్తువు ఎక్కడుందో, ఎటు కదులుతోందో తేల్చి, ఇది గీయి, అది గీయి అని ఆదేశాలిచ్చేది ప్రాసెసర్. ఆ ఆదేశాల ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఇద్దరిలో ఎవరు ఆలస్యమైతే ఫ్రేమ్ వారి కోసం ఆగుతుంది. ఎవరో కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఫ్రేముల పరిమితినీ, తెర వేగానికి ఫ్రేములను కట్టేసే వీ-సింక్‌నూ కాసేపు ఆపేసి, తెర రిజల్యూషన్ తగ్గించి చూడండి. 1920×1080 తెర మీద 20,73,600 చుక్కలుంటే, 1280×720లో 9,21,600 మాత్రమే. గీసే పని సగానికంటే తక్కువైపోయింది. దాంతో ఫ్రేములు బాగా పెరిగితే ఆలస్యం గ్రాఫిక్స్ కార్డుది. ఉలుకూ పలుకూ లేకుండా అక్కడే ఉంటే ఆలస్యం ప్రాసెసర్‌ది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కార్డు తెచ్చిపెట్టినా అది ఆదేశం కోసం ఖాళీగా కూర్చుంటుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 25 శాతమే చూపిస్తోందని కొందరు వాదిస్తారు. కానీ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్‌లు, కొన్ని ఉంటాయి. ఈ ఆటలో ముఖ్యమైన పని చాలావరకు ఒకే కోర్ మీద పడుతుంది. నాలుగు టికెట్ కౌంటర్లున్న రైల్వే స్టేషన్‌లో ఒక్క కౌంటరే తెరిచి ఉంటే క్యూ ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఒక కోర్ పూర్తిగా నిండిపోయి మిగతా మూడూ ఖాళీగా ఉన్నా సగటు 25 శాతమే కనిపిస్తుంది.

ప్రాసెసర్ మీద భారం వేసేవాటిలో మొదట చెప్పుకోవాల్సింది ట్రాఫిక్. రోడ్డు నిండా వాహనాలుండాలని ట్రాఫిక్ మోడ్‌లు వేసుకుంటే, కనిపించే ప్రతి కారు నడకనూ లెక్కవేయాల్సిందే. తర్వాతవి అద్దాలు. ఐరోపా లారీకి రెండు పక్కలా పెద్దవి, వెడల్పు చూపేవి, చక్రం పక్కన నేల చూపేది, ముందు భాగం చూపేది కలిపి అయిదారు అద్దాలుంటాయి. అద్దంలో కనిపించేది ఉత్తుత్తి బొమ్మ కాదు. అదే ఊరిని మరో కోణం నుంచి మళ్లీ గీయాలి. నాణ్యత కంటే ముందు అద్దాల్లో ఎంత దూరం కనిపించాలన్న సెట్టింగు తగ్గిస్తే, నడపడానికి ఏ లోటూ లేకుండా ఇద్దరి మీదా భారం తగ్గుతుంది. గ్రాఫిక్స్ కార్డు వైపు చూస్తే అసలు భారం స్కేలింగ్ అనే సెట్టింగుది. దాన్ని 400 శాతం చేస్తే నిలువూ అడ్డమూ రెట్టింపై, 20 లక్షల చుక్కలు గీయాల్సినచోట 82,94,400 గీసి, మళ్లీ కుదించి చూపిస్తుంది. అంచులు నునుపుగా వస్తాయి, నిజమే, కానీ పని నాలుగింతలు. నీడల రిజల్యూషన్‌దీ ఇదే తీరు, ఒక మెట్టు ఎక్కిస్తే చుక్కలు నాలుగింతలవుతాయి. అన్నిటినీ మూకుమ్మడిగా తగ్గించమనే సలహా ఇందుకే తప్పంటున్నాను. స్కేలింగ్ ఒక్కటి దించితే సరిపోయేచోట చెట్లనూ రోడ్డు వివరాలనూ కూడా బలిచ్చి, ఆటను కళావిహీనం చేసుకోవడం దేనికి?

ఇక మోడ్‌ల దగ్గరికొద్దాం, అసలు కథ ఇక్కడుంది. వాహనం ఒంటి మీది రంగు, తుప్పు, సీటు గుడ్డ, నంబరు ప్లేటు అన్నీ టెక్స్చర్ అనే బొమ్మలుగా గ్రాఫిక్స్ కార్డు మెమరీలో కూర్చుంటాయి. 4096×4096 కొలతగల ఒక్క టెక్స్చర్‌ను కుదించకుండా పెడితే 64 మెగాబైట్లు. దూరానికి తగిన చిన్న ప్రతులను కూడా కలిపితే 85 దాటుతుంది. అదే టెక్స్చర్‌ను ఆటలకోసమే ఉన్న కుదింపు పద్ధతిలో భద్రపరిస్తే 16 మెగాబైట్లు, పారదర్శకత అవసరం లేని రకమైతే 8. కొలతను 2048కి తగ్గిస్తే వీటిలోనూ నాలుగో వంతే. ఒక బస్సు మోడ్‌లో ఇలాంటి కుదించని టెక్స్చర్లు 20 ఉన్నాయంటే 1,280 మెగాబైట్లు, అంటే గిగాబైటుంబావు, ఒక్క బస్సుకే పోయింది. నాలుగు గిగాబైట్ల కార్డున్న ల్యాప్‌టాప్‌లో మ్యాపుకూ ట్రాఫిక్‌కూ మిగిలేదెంత? మెమరీ చాలనప్పుడు కార్డు మామూలు ర్యామ్ వైపు చెయ్యి చాస్తుంది. ఆ దారి ఇరుకు, అక్కడి నుంచి సరుకు వచ్చేదాకా ఫ్రేమ్ ఆగుతుంది. మలుపు తిరగ్గానే, కొత్త ఊరు కనపడగానే బిగుసుకుపోవడానికి తరచు కారణం ఇదే. రెండో లోపం దూరపు రూపాలు లేకపోవడం. వాహనం దగ్గరగా ఉంటే వివరంగా, దూరమయ్యేకొద్దీ దాని ఆకారం కట్టే త్రిభుజాలు తగ్గించి గీసేలా రెండుమూడు రూపాలు తయారుచేసి పెట్టడం ఆటల తయారీలో ఉన్న ఆచారం. దాన్ని ఎల్‌ఓడీ అంటారు. ఇది లేని మోడ్‌లో అర కిలోమీటరు అవతల చీమంత కనిపించే లారీకి కూడా టైరు బోల్టులన్నీ గీస్తూ కూర్చుంటుంది కార్డు. మీరు నడిపే బస్సు ఒక్కటే అలా ఉంటే నెట్టుకురావచ్చు, ట్రాఫిక్‌లో 30 వాహనాలు అలా ఉంటే మాత్రం మామూలు కార్డు తట్టుకోలేదు.

ఎన్నో మోడ్‌లున్నచోట దోషిని పట్టడమెలా? ఒక్కొక్కటిగా తీసి చూస్తే తెల్లారుతుంది. సగం సగం తీయడం మేలు. 32 మోడ్‌లుంటే 16 ఆపేసి చూడాలి. కుదుపు పోతే ఆపినవాటిలో ఉంది, పోకపోతే మిగిలినవాటిలో. మళ్లీ అందులో సగం. అయిదు విడతల్లో ఒక్కటి తేలుతుంది. కలిసి పనిచేసే మ్యాపు ఫైళ్లను మాత్రం విడదీయకూడదు. ఈ పరీక్షంతా అసలు ప్రొఫైల్‌లో కాక కొత్తగా తెరిచిన ప్రొఫైల్‌లో చేయాలి, లేకుంటే మ్యాపు మారిపోయి నడుస్తున్న కిరాయి పోవచ్చు. ప్రతిసారీ అదే రోడ్డు, అదే పూట, అదే వాతావరణం ఉండాలి. పగటి ఎండలో ఒకసారి, రాత్రి వానలో ఇంకోసారి కొలిస్తే ఆ పోలికకు విలువ లేదు, ఎందుకంటే హెడ్‌లైట్లూ తడి రోడ్డు మెరుపులూ వాటంతటవే భారం. పరీక్ష అయ్యాక గేమ్ లాగ్ ఫైలు తెరిచి చూడటం మంచి అలవాటు. దొరకని టెక్స్చర్లు, పాత వెర్షన్ కోసం చేసిన ఫైళ్లు అక్కడ తప్పులుగా నమోదై ఉంటాయి.

కొన్నేళ్ల కిందట ఇదే కంప్యూటర్‌లో ఇవే మోడ్‌లతో బాగా నడిచిందనేది న్యాయమైన అభ్యంతరమే. అయితే ఆట అక్కడే ఆగిలేదు. 2019లో 1.35 వెర్షన్‌తో, గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు చేరవేసే డైరెక్ట్‌ఎక్స్ 11కు మారడం మొదలైంది. 2020లో 1.38తో మూలల్లో మెత్తటి నీడలు పరిచే ఎస్‌ఎస్‌ఏఓ, 2021లో 1.40తో కొత్త వెలుతురు పద్ధతి వచ్చాయి. ఎస్‌ఎస్‌ఏఓను సెట్టింగుల్లో ఆపేయవచ్చు, వెలుతురు పద్ధతిని కాదు. పాత కంప్యూటర్‌కు ఆ భారం మోడ్‌లు లేకపోయినా ఉంటుంది. అందుకని మోడ్‌లేవీ లేకుండా ఒకసారి కొలిచి పెట్టుకోవాలి. మూల ఆటే గడువు దాటుతూ, రిజల్యూషన్ తగ్గించగానే తేరుకుంటే, అప్పుడు కొత్త కార్డు కొనడం సబబైన ఖర్చే. అంతకంటే ముందు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి మూడున్నాయి. ఆట అసలు కార్డు మీద కాక ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద నడుస్తోందేమో, చార్జర్ తీసేసి ఆడుతున్నారేమో, వేడికి వేగం తగ్గిపోతోందేమో. మన వేసవిలో పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ గాలి దారులు మూసుకుపోయి, చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత మందగిస్తే అనుమానించాల్సింది వేడిని. విడి కార్డు లేని కంప్యూటర్‌లో ఒకే ర్యామ్ ముక్క ఉంటే, దానికి జతగా రెండోది వేయడం తక్కువ ఖర్చుతో మంచి ఫలితమిచ్చే పని. ఆ చిన్న గ్రాఫిక్స్‌కు విడి మెమరీ ఉండదు, అది ఆధారపడేది ఆ ర్యామ్ వేగం మీదే.

రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఊహించి మరో ఫ్రేమ్‌ను చొప్పించే సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయి, ఇక ఈ కొలతలెందుకని కొందరంటారు. అవి కంటికి నునుపునిస్తాయి, కాదనను. కానీ స్టీరింగ్ తిప్పిన సంగతి తెలిసేది నిజమైన ఫ్రేమ్‌కే. నిజమైన ఫ్రేములు సెకనుకు 25 ఉంటే చెయ్యి అనుభవించే ఆలస్యం 25 ఫ్రేములదే. పైగా తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా ఆగి మధ్యది గీయాలి కాబట్టి కొంత పెరుగుతుంది కూడా. నిలకడ కావాలంటే ఫ్రేములకు పరిమితి పెట్టుకోవడం దీనికంటే నమ్మకమైన దారి. సెకనుకు 60 సార్లు మారే 60 హెర్ట్జ్ తెర మీద 60 ఫ్రేములు నిలవకపోతే 30కి, 120 హెర్ట్జ్ తెర మీద 40కి, 144 మీద 48కి కట్టడి చేస్తే ప్రతి ఫ్రేమ్ తెర మీద సమానంగా నిలుస్తుంది, వేడీ తగ్గుతుంది.

మోడ్‌లు చేసేవాళ్లు ఎక్కువమంది పైసా ఆశించకుండా, చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో రాత్రిళ్లు కూర్చుని చేస్తారని, వాళ్లను తప్పుపట్టడం అన్యాయమని అనేవాళ్లుంటారు. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవముంది. మన బస్సును ఐరోపా ఆటలోకి తెచ్చింది కంపెనీ కాదు, వాళ్లే. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను, మోడ్‌లను వాడేవాళ్లలో చాలామందివి చదువుల కోసం కొన్న మామూలు ల్యాప్‌టాప్‌లు. పెద్ద టెక్స్చర్ల ప్రతితోపాటు 2048 కొలతకు కుదించిన చిన్న ప్రతిని విడుదల చేయడం, రెండు దూరపు రూపాలు జతచేయడం, ఎన్ని త్రిభుజాలున్నాయో ఎంత మెమరీ పడుతుందో వివరాల్లో రెండు వాక్యాలు రాయడం, బస్సును అంత ప్రేమగా చెక్కిన చేతులకు పెద్ద పని కాదు. వాడేవాళ్లు కూడా ల్యాగ్ అవుతోందని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ రోడ్డు మీద, ఏ సెట్టింగుల్లో, మోడ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒక్కో ఫ్రేమ్‌కు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబితే ఆ తయారీదారుకు ఏ ఫైలు తెరిచి సరిదిద్దాలో తెలుస్తుంది.