మీకు తెలుసా? హిజ్లీ పక్క రోడ్డు మీద ఫిఫ్త్ వీల్

ఖరగ్‌పూర్, హిజ్లీ అనగానే మన ఉత్తరాంధ్ర వాళ్లకు గుర్తొచ్చేది రైలే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ అక్కడ తెలుగు కుటుంబాలున్నాయి మరి. ఈసారి ఖరగ్‌పూర్ నుంచి విశాఖ మీదుగా చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిపై కంటైనర్ ట్రైలర్లను గమనించండి. లాగే బండి వెనక ఇరుసుల పైన గ్రీజు పూసిన ఉక్కు పళ్లెం ఉంటుంది. ట్రైలర్ అడుగున ఉన్న కింగ్ పిన్ అందులో బిగుసుకుంటుంది. ఆ పళ్లెమే ఫిఫ్త్ వీల్. అది దొర్లే చక్రం కాదు!

అమెరికాలో బండిలోనే కాపురం పెట్టేవాళ్లు చాలామంది ఎంచుకునే పెద్ద కారవాన్‌కూ ఇదే ఏర్పాటు. పళ్లెం దాన్ని లాగే పికప్ తొట్టిలో, ఇరుసు మీదుగా ఉంటుంది. అందుకే వెనక కొక్కేనికి తగిలించే కారవాన్ కంటే ఊగిసలాట తక్కువ.

చిక్కంతా బరువు దగ్గరే. కారవాన్ బరువులో సుమారు 20 శాతం పికప్ మీదే పడుతుంది. 6,000 కిలోల బండైతే 1,200 కిలోలు! మన దగ్గర అమ్మే హైలక్స్ లాంటి పికప్ అంత మోయలేదు. పైగా ఖాళీ బండి బరువు చూసి మురిసిపోతే లాభం లేదు. 200 లీటర్ల నీళ్లే 200 కిలోలు. బట్టలు, గ్యాస్ బండ సంగతి సరేసరి.

డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండి ఇలాంటి కారవాన్ కొనాలనుకుంటున్నారా? ఏడాదంతా అందులోనే నివసిస్తే కొన్ని కంపెనీల వారంటీ వర్తించదు. సంతకానికి ముందే ఆ షరతు చదవండి.