కోచ్ కి క్లోజప్ ఉండదు!

ముందుగా ఒక చిన్న ప్రశ్న. హీరో గోల్ కొట్టకుండా, డాన్స్ చెయ్యకుండా, రెండు గంటలపాటు గ్రౌండ్ బయట నిలబడి చూస్తూ ఉంటే ఆ బొమ్మకి మీరు టిక్కెట్ కొంటారా? "కొనం" అంటారని నాకు తెలుసు. నేనూ కొనేవాణ్ణి కాదు. కానీ 2024 ఏప్రిల్ లో అలాంటి సినిమా కోసమే సూర్యాపేటలో బస్సెక్కి నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్ళాను. కారణం సినిమా కాదు, మా డ్రిల్లు సారు.

1980ల్లో నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆయన మా ఫుట్ బాల్ కోచ్. కోచ్ అంటే మెళ్ళో విజిల్, కంటికి కూలింగ్ గ్లాసులు ఊహించుకోకండి. లుంగీ కట్టుకుని సాయంత్రం పూట గ్రౌండ్ లో ముళ్ళు ఏరేవారు. ఉన్నవి రెండు బంతులు. అందులో ఒకటి చెప్పులు కుట్టే తాతతో ఎన్నిసార్లు కుట్టించామో లెక్కలేదు. మిర్యాలగూడ వాళ్ళతో, కోదాడ వాళ్ళతో మ్యాచ్ అంటే మాకు వరల్డ్ కప్పే!

వారానికి ఒకరోజు సార్ మమ్మల్ని చంపుకు తినేవారు. ఆ రోజు కుడికాలితో బంతి తాకితే ఫౌల్. ఎడమకాలితోనే ఆడాలి. మరో రోజు డ్రిబ్లింగ్ బంద్. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. "ఇదేం ఆట సార్?" అని గొణిగితే ఒకటే జవాబు: "రహీం సాబ్ ఆట రా బాబూ!"

ఎవరీ రహీం సాబ్? మాకు అప్పట్లో తెలియదు. మీలో చాలామందికి "మైదాన్" సినిమా వచ్చేదాకా తెలిసి ఉండదు.

ఇక ఫ్లాష్ బ్యాక్ లోకి వెళ్దాం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఆడిన కుర్రాడు. ఆ తర్వాత హైదరాబాద్ లో బడిపంతులు. పాఠం చెబుతూనే వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. నా లెక్కలో ఆయన జీవితమంతా పంతులుగానే బతికారు. బ్లాక్ బోర్డు మారింది, అంతే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఇక చూస్కోండి... 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు మన వాళ్ళదే! 1950లో మోహన్ బగాన్ ని ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా పట్టుకొచ్చారు.

ఆ విజయాల వెనక మంత్రం తంత్రం ఏమీ లేదు. ఎడమకాలి టోర్నమెంట్లు, డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు, పొట్టి కుర్రాళ్ళకి మాత్రమే టోర్నమెంట్లు. ఇవన్నీ రహీం గారు నిజంగా పెట్టిన పోటీలే. ఒంటరిగా పదిమందిని తప్పించుకుపోయే హీరోయిజం ఆయనకి నచ్చదు. (మన సినిమా ఫైట్లు చూస్తే ఏమనేవారో!)

దేశం జట్టు కూడా ఆయనదే. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్ తో ఇరాన్ ని ఓడించి స్వర్ణం. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్ లో యుగోస్లేవియా చేతిలో పదికి ఒకటి! మన వాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారక్కడ. ఇంకెవరైనా అయితే ఇల్లు కదిలేవారు కాదు. ఈయన మళ్ళీ పాఠం మొదలెట్టారు. 1956 మెల్ బోర్న్ లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ తో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్ కి వెళ్ళారు. ఒలింపిక్స్ ఫుట్ బాల్ లో ఆసియా జట్టు అంతదూరం వెళ్ళడం అదే మొదలు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం... హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లోంచి వచ్చినవాళ్ళే.

అసలు క్లైమాక్స్ 1962 జకార్తా. మొదటి మ్యాచ్ లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్ లాండ్ మీద గెలిచారు గానీ డిఫెన్స్ లో కొండలా నిలబడే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి మీరైతే ఏం చేస్తారు? బెంచీ మీద కూర్చోబెడతారు. రహీం గారు సెంటర్ ఫార్వర్డ్ గా దింపారు! సెమీస్ లో ఒక గోలు, ఫైనల్లో ఒక గోలు కొట్టాడా కట్ల తల సర్దార్జీ. సెప్టెంబర్ 4న లక్షమంది జనం మనకి వ్యతిరేకంగా అరుస్తూంటే, అదే కొరియాని 2-1తో ఓడించారు. ఇంకో గోలు పి.కె. బెనర్జీది. ఫైనల్ కి ముందు రాత్రి తనకో కానుక కావాలని, ఆ బంగారు పతకమే ఇమ్మని కోచ్ అడిగారట కుర్రాళ్ళని.

తొమ్మిది నెలలు దాటాయో లేదో, 1963 జూన్ 11న క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. ఏషియన్ గేమ్స్ ఫుట్ బాల్ లో మనకి మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఇక సినిమా సంగతి. అజయ్ దేవగన్ రహీం గారిగా, మన ప్రియమణి ఆయన భార్యగా నటించారు. డైరెక్టర్ అమిత్ శర్మ, సంగీతం ఎ.ఆర్. రెహమాన్. 2019లో షూటింగ్ మొదలైన ఈ బొమ్మని కరోనా ఆపింది. 2021 తుఫానుకి వేసిన సెట్టే పోయింది. చివరికి విడుదలయ్యేసరికి 2024.

సార్ కి అప్పటికే ఎనభై దాటాయి. మిర్యాలగూడలో కొడుకు దగ్గర ఉంటున్నారు. కోదాడలో ఉన్న మా పాత గోల్ కీపర్ ఫోన్ చేసి, "సార్ ని తీసుకపోదాం రా" అన్నాడు. హాల్లో ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం. కుర్రాడిగా హైదరాబాద్ లో చదివేటప్పుడు ఫతే మైదాన్ గట్టు మీద నిలబడి రహీం గారి ప్రాక్టీసు చూసిన మనిషి మా సారు. ఇంటర్వెల్ లో టీ తెస్తే ముట్టలేదు. ఫైనల్ సీన్ లో హాలంతా ఈలలు. సార్ ఎడమకాలు మాత్రం ముందు సీటు కింద కదులుతోంది. నేను చూశాను, ఆయనకి చెప్పలేదు.

బయటికొచ్చాక బొమ్మ ఎలా ఉందని అడిగితే జవాబివ్వలేదు. రోడ్డు దాటాక ఆగి, "హకీం సార్ చూసిండా దీన్ని?" అన్నారు.

హకీం అంటే రహీం గారబ్బాయి. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. తండ్రి కోచ్ అయినా ఒక్క మ్యాచ్ లోనూ గ్రౌండ్ లోకి దిగే చాన్స్ రాలేదు. 2021 ఆగస్టులో పోయారు. పి.కె. బెనర్జీ, జకార్తా కెప్టెన్ చునీ గోస్వామి 2020లోనే వెళ్ళిపోయారు. బలరాం 2023 ఫిబ్రవరిలో. ఇంకో పద్నాలుగు నెలలు ఆగి ఉంటే...

"చూడలేదు సార్," అన్నాను.

సార్ తల ఊపి, "సరే, మిర్యాలగూడ బస్సు ఎన్నింటికి?" అని అడిగారు.