కాలా అజార్: మనిషి వెంట నడిచిన జ్వరం

ఇసుక ఈగ దోమకంటె చిన్నది. ఎగిరితే కొన్ని వందల గజాలకు మించి పోలేదు. అయినా అది వ్యాపింపజేసే కాలా అజార్ వ్యాధి 19వ శతాబ్దిలో బెంగాల్ నుండి అస్సాం వరకు ప్రాకింది. ఈగ పోలేని దూరానికి ఆ వ్యాధిని మోసుకుపోయినవాడు మనిషే.

కాలా అజార్ అంటే 'నల్ల వ్యాధి'. వారాల తరబడి జ్వరం వీడదు. ప్లీహం ఉబ్బుతుంది, రక్తం క్షీణిస్తుంది, చర్మం నల్లబడుతుంది. చికిత్స లేకపోతే దాదాపు ఎవరూ బ్రతకరు.

1824లో జెస్సోర్‌లోను, 1860లలో బర్ద్వాన్‌లోను ప్రబలిన జ్వరాలు ఇవేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ తరువాత గారో కొండల ప్రాంతాన్ని తాకి, బాటసారులతో, వర్తకులతో, కూలీలతో బ్రహ్మపుత్ర లోయ వెంట పైకి సాగింది. 1891–1901 మధ్య నౌగాంగ్ జిల్లా జనాభా సుమారు నాలుగవ వంతు తగ్గిపోయింది.

1890లలో డాక్టర్ లియొనార్డ్ రోజర్స్ అస్సాంలో ఈ వ్యాప్తిని పరిశీలించారు. వ్యాధి సోకిన కూలీ లైన్లను విడిపించి, ఆరోగ్యవంతులను కొన్ని వందల గజాల దూరాన కొత్త ఇళ్లలో ఉంచితే తేయాకు తోటల్లో వ్యాధి ఆగింది. కారణం మాత్రం అప్పటికి తెలియదు. వ్యాధికారక పరాన్నజీవిని లీష్మన్, మద్రాసులో పనిచేస్తున్న డోనోవన్ వేర్వేరుగా కనుగొని 1903లో ప్రకటించారు. ఇసుక ఈగ కాటు ద్వారా అది మనిషికి సంక్రమిస్తుందని 1942లో గాని నిర్ధారణ కాలేదు.

మలేరియా నిర్మూలనకై చల్లిన డి.డి.టి. ఈ ఈగలనూ చంపింది. చల్లడం తగ్గాక, 1970లలో బీహారులో వ్యాధి మళ్లీ విజృంభించింది. నేడు పరిస్థితి మారింది. 2023లో బంగ్లాదేశ్ దీనిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిన తొలి దేశంగా గుర్తింపు పొందింది. భారతదేశంలోనూ రోగుల సంఖ్య ఎన్నడూ లేనంత తగ్గింది.

అయితే ముప్పు పూర్తిగా తొలగలేదు. జ్వరం నయమైన కొందరికి నెలలకో, ఏళ్లకో చర్మంపై మచ్చలు వస్తాయి. వాటికి నొప్పి ఉండదు, జ్వరమూ ఉండదు. కనుక మనిషి పనికి పోతూనే ఉంటాడు. పరాన్నజీవి ఆ మచ్చలలో దాగి, ఈగకు మళ్లీ అందుతుంది.

బీహారు నుండి కూలి పనికి దూర నగరాలకు పోయినవాడు అక్కడ జ్వరపడితే, వైద్యుని దృష్టి మొదట మలేరియా, టైఫాయిడ్‌ల మీదికే పోతుంది. వ్రేలి నుండి తీసిన రక్తపు చుక్కతో కాలా అజార్‌ను నిమిషాలలో పసిగట్టే పరీక్ష ఉంది. ఒకే మోతాదుతో ముగిసే చికిత్స కూడా ఉంది. ఆ రెండూ రోగికి అందాలంటే, ముందుగా వైద్యుడు "మీ స్వగ్రామం ఏది?" అని అడగాలి.